కుర్చీ కాళ్ళు చూడండి

ఈ మధ్య జూబ్లీహిల్స్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. సత్యనారాయణ వ్రతం అయ్యాక ఇల్లుగలాయన వచ్చినవాళ్ళందరికీ గదిగదీ తిప్పి చూపించారు. హాల్లో తెల్ల పెయింటు వేసి, అంచులకి బంగారు రంగు పూసిన సోఫా. దానికి మెరూన్ వెల్వెట్టు. గోడవారగా అద్దాల బీరువా, దాని నెత్తిన రెక్కలున్న ఇద్దరు బొద్దు పిల్లలు. "ఇది నియోక్లాసికల్ అండీ. పూర్తిగా రాయల్ లుక్ కావాలని పట్టుబట్టి చేయించాం" అన్నారాయన. నేను అలవాటు కొద్దీ సోఫా కాళ్ళ వంక చూశాను. నాలుగూ గుర్రం వెనక్కాళ్ళలా వంగి, చివర్న చుట్ట తిరిగి ఉన్నాయి. శుభమా అని గృహప్రవేశం చేసుకుంటున్న ఇంట్లో కాళ్ళ గురించి ఏం మాట్లాడతాం? పులిహోర తిని వచ్చేశాను.

అక్కడ మింగిన మాట ఇక్కడ కక్కుతున్నాను.

నా కోపం ఆయన మీద కాదు. డబ్బు ఆయనది, ఇల్లు ఆయనది. కోపం ‘రాయల్ లుక్’ అనే మాట మీద. ఆ మాటని జూబ్లీహిల్స్‌కి అమ్మినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పదకొండేళ్ళు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా పనిచేశాను. సెట్‌లో ఏ మూల ఏ కుర్చీ, ఏ బల్ల మీద ఏ పెట్టె పెట్టాలో చూడటం నా పని. కాబట్టి ఇందులో తిట్లు కొన్ని నాకే తగుల్తాయి. తగలనివ్వండి.

ముందు కాళ్ళ సంగతి తేల్చుకుందాం. ఫ్రాన్సులో పదిహేనో లూయీ నాటి కుర్చీకి కాళ్ళు వంపు తిరిగి ఉంటాయి. నత్తగుల్లలు, తీగలు, ఎటు చూసినా ఒంపులు. దాన్ని రొకోకో అంటారు. 1738లో ఇటలీలో హెర్క్యులేనియం, 1748లో పాంపే తవ్వకాలు మొదలయ్యాయి. అగ్నిపర్వతం బూడిద కింద పదిహేడు శతాబ్దాలు దాక్కున్న రోమన్ల ఇళ్ళు, గోడబొమ్మలు, కంచు దీపస్తంభాలు బయటపడ్డాయి. 1762లో స్టూవర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఏథెన్స్ కట్టడాలని టేపు పెట్టి కొలిచినంత నిష్ఠగా కొలిచి పుస్తకం వేశారు. 1764లో రాబర్ట్ ఆడమ్, డయోక్లీషియన్ చక్రవర్తి భవన శిథిలాల మీద ఇంకో పుస్తకం వేశాడు. ఇవన్నీ చూశాక యూరప్‌కి తన ఒంపుల మీద తనకే విసుగు పుట్టింది. కుర్చీ కాళ్ళు నిటారుగా నిలబడ్డాయి. పదహారో లూయీ నాటి కుర్చీ కాలు తిన్నగా, కిందికి సన్నబడుతూ, ఒంటి నిండా నిలువు గాళ్ళతో, చిన్నపాటి గుడి స్తంభంలా ఉంటుంది. అదీ నియోక్లాసికల్ అంటే. నగలు తగ్గించి కొలత పెంచిన శైలి.

అంటే ఆ గృహప్రవేశంలో నాకు చూపించిన సోఫా, ఏ అతికి విరుగుడుగా నియోక్లాసికల్ పుట్టిందో ఆ అతికి ఫొటోస్టాట్ కాపీ. షుగర్ మందు అని చెప్పి జిలేబీ పెట్టినట్టు.

ఈ శైలి గుణం పెద్ద సోఫాలకన్నా చిన్న పెట్టెల్లో బాగా కనిపిస్తుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో తేయాకు ఖరీదైన సరుకు. దాన్ని తాళం వేసిన చిన్న పెట్టెలో దాచుకునేవాళ్ళు. ఆ పెట్టెలు చూడండి. నున్నటి చెక్క, అంచు చుట్టూ దారమంత సన్నటి వేరే రంగు చెక్క గీత, మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక విసనకర్రో, గవ్వో పొదిగి ఉంటుంది. అంతే. ఆ గీత ఒక నూలుపోగంత పక్కకి జరిగితే పెట్టె మొత్తం వంకరగా కనిపిస్తుంది. దాచుకోడానికి పనివాడికి అక్కడ ఆకూ పువ్వూ ఏమీ లేవు. పనిలో తప్పుని బంగారు రంగు కప్పేస్తుంది. ఖాళీ జాగా బయటపెడుతుంది. మనకి ఖాళీ అంటే భయం. అందుకే మనకి బంగారు రంగు.

ఇంక ‘రాయల్’ సంగతి. పదహారో లూయీ ఆ తిన్నటి కాళ్ళ కుర్చీల్లోనే కూర్చున్నాడు, నిజమే. 1793లో ఆయన తల తీసేసిన విప్లవకారులూ ఆ శైలినే నెత్తిన పెట్టుకున్నారు. వాళ్ళ దృష్టిలో అది రాజులు లేని పాత రోమన్ గణతంత్రాన్ని గుర్తుచేసే శైలి. జార్జ్ జాకబ్ అనే ఒకే వడ్రంగి రాజుగారికీ కుర్చీలు చేశాడు, విప్లవ పక్షాన నిలబడ్డ చిత్రకారుడు డేవిడ్ స్టూడియోకీ చేశాడు. కాబట్టి ‘నియోక్లాసికల్ రాయల్ లుక్’ అన్నప్పుడు మనం రెండు మాటల్లో రెండు తప్పులు చేస్తున్నాం.

ఈ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? మా దగ్గర్నుంచే. సినిమా పరిశ్రమ మద్రాసు వదిలి ఇటు కదులుతున్న రోజుల్లో, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైనప్పుడు, ఈ కొండలన్నీ బండరాళ్ళే. తర్వాత ఒక్కో స్టూడియో, ఒక్కో ఇల్లు లేచింది. సెట్ వేసే మేస్త్రీలు, మోల్డింగ్ పనివాళ్ళు, పెయింటర్లు కృష్ణానగర్‌లో ఇరుకు గదుల్లో దిగారు. పొద్దున సెట్ మీద ఏ జమీందారు హాలు వేశారో, సాయంత్రం అదే పనివాళ్ళు పైనున్న కొత్త బంగళాలో అదే హాలు వేశారు. సెట్‌లో మెట్లు రెండు వైపులా తిరిగి దిగుతాయి కాబట్టి ఇంట్లోనూ అలాగే దిగాయి. హీరోయిన్ తండ్రి సింహం మొహాల చేతుల కుర్చీలో కూర్చున్నాడు కాబట్టి నిర్మాతా అలాంటి కుర్చీలోనే కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఫంక్షన్ హాళ్ళకి పాకింది. ఇవాళ రెండు రాష్ట్రాల్లో ఏ మండల కేంద్రానికి వెళ్ళినా, పెళ్ళి స్టేజి మీద తెల్లటి, బంగారు అంచుల, ఆరడుగుల వీపున్న ఆ జంట సింహాసనం మీకు కనిపిస్తుంది. పాపం, కొత్త పెళ్ళికూతురు అందులో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు.

మాకు స్తంభం అంటే చాలు, అది ఏ స్తంభం అని అడిగే అలవాటు లేదు. ‘ఆర్ఆర్ఆర్’లో నాటు నాటు పాటని 2021లో కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. 18వ శతాబ్దంలో ఒక రష్యా మహారాణి కట్టించుకున్న బరోక్ భవనం అది. పాటలో అది ఢిల్లీలో తెల్లదొరల విందు. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, ఆ డ్యాన్స్ చూస్తూ వెనక కిటికీలు లెక్కపెట్టేవాడు ఎవడూ ఉండడు. కానీ మన ఊహలో దొర అన్నా, రాజు అన్నా, జమీందారు అన్నా ఒకే తెల్లటి ముద్ద అయిపోయిందనడానికి అది సాక్ష్యం.

ఇప్పుడు నా సొంత నేరం చెప్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక సినిమాలో జమీందారు ఫ్లాష్‌బ్యాక్ ఉంది. వారసత్వపు నగలు దాచిన పెట్టె కావాలన్నారు. కృష్ణానగర్ వెనక సందులో సినిమాలకి సామాను అద్దెకిచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. ఉత్తరాంధ్ర మనిషి. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన లోపలి గదిలోంచి గుడ్డలో చుట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. నల్లగా, నున్నగా, అడుగున్నర పొడవు. పక్కలు పైన వెడల్పు, కిందికి సన్నం. ఒళ్ళంతా గుమ్మడికాయ చారల్లా ఉబ్బెత్తు గాళ్ళు. కింద నాలుగు గుండ్రటి కాళ్ళు. మూత తీస్తే గంధం వాసన. లోపల చిన్నచిన్న అరలు, వాటి మూతల అంచుల మీద తెల్లటి దంతపు రేకు, ఆ రేకు మీద నల్లగా, వెంట్రుకంత సన్నంగా పాకిన తీగ.

"మా తాతల నాటిది బాబూ. గేదె కొమ్ముతో సేసినారు. ఇశాపట్నం సరుకు. జాగర్త" అన్నాడు.

సెట్‌లో లైటింగ్ చేస్తున్నప్పుడు మానిటర్ దగ్గర్నుంచి మాట వచ్చింది. "తమ్ముడూ, ఆ పెట్టె నల్లగా ఫ్రేమ్‌లో కలిసిపోతోంది. రాయల్‌గా లేదు. ఏదైనా చెయ్యి." చేశాను. గోల్డ్ స్ప్రే డబ్బా తెచ్చి రెండు కోటింగులు కొట్టాను. లోపలి అరలకి కూడా, మూత తీసినప్పుడు మెరవాలి కదా అని. పది నిమిషాల్లో ఆరింది. షాట్ ఓకే అయింది. సినిమా రిలీజయ్యాక చూస్తే ఆ షాట్ లేదు, ఎడిటింగ్‌లో తీసేశారు.

పెట్టె తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బాబాయ్ తిట్టలేదు. మూత తీసి, వంగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "గంధం పోనాది" అన్నాడు. నా పేమెంటులో డ్యామేజీ కింద మూడు వేలు కోసి ఆయనకి పంపారు. ఆయన ఆ డబ్బు తీసుకోలేదు. పెట్టె నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో. సూస్తా ఉండు" అన్నాడు.

చూస్తూ ఉన్నాను. చూసే కొద్దీ అదేమిటో తెలుసుకోవాలనిపించింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, అమెరికాలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియం దాచుకున్న సామాను మీద అమీన్ జాఫర్ 2001లో వేసిన పెద్ద పుస్తకం ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. అందులో విశాఖపట్నం పేరు మీదే ఒక అధ్యాయం చదివి, రెండు రోజులు ఆ స్ప్రే డబ్బా గుర్తొచ్చి అన్నం సయించలేదు.

మనలో చాలామందికి తెలియని కథ ఇది. 1680లలో ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో కోఠీ పెట్టింది. వచ్చింది బట్టల కోసం, ఈ తీరంలో తయారయ్యే అద్దకం బట్టల కోసం. కానీ ఇక్కడి కంసాలుల చేతి పని చూసి, కుర్చీలు, బీరువాలు, రాసుకునే బల్లలు, పెట్టెలు చేయించుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో నల్లటి గట్టి చెక్కలో దంతపు ముక్కలు పొదిగేవాళ్ళు. ఆ పొదుగులో పూలూ తీగలూ అచ్చం ఈ తీరపు అద్దకం బట్టల మీద ఉండేవే. 1756లో ఈ ఊరు చూసిన జాన్ కార్నెయిల్ అనే సైనికాధికారి, బట్టల గురించి చెప్పి, ఆ వెంటనే ఈ పొదుగు పనికీ ఈ ఊరు పేరుపడిందని మెచ్చుకుంటూ రాశాడు. తర్వాత పద్ధతి మారింది. గంధపు చెక్కతో ఒడ్డు కట్టి, పైనంతా పల్చటి దంతపు రేకులు పరిచి, చిన్న చీలలతో బిగించి, ఆ తెల్లటి ఒంటి మీద సూదిమొనతో గీతలు గీసి, గీతల్లోకి వేడి నల్ల లక్క నింపి, పైన సాపు చేసేవాళ్ళు. కాగితం మీద సిరాతో అచ్చు వేసినట్టు కనిపిస్తుంది.

1781లో, మదరాసు గవర్నరుగా చేసి ఇంగ్లండు వెళ్ళిపోయిన అలెగ్జాండర్ వించ్ సామానుని వేలం వేస్తే, అందులోని విశాఖపట్నం దంతపు కుర్చీలనీ సోఫాలనీ ఇంగ్లండు రాజు మూడవ జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. ఫిల్మ్‌నగర్‌లో రాయల్ రాయల్ అని పగలూ రాత్రీ పలవరించే మనం గమనించాల్సిన ముక్క ఇది. నిజం రాజుగారు, నిజం రాణిగారి కోసం, తెలుగు కంసాలి చేసిన కుర్చీని వేలంలో పాడుకున్నాడు.

18వ శతాబ్దం ముగిసేసరికి యూరప్‌లో గాలి మారింది కదా, ఆ గాలి విశాఖ రేవుకీ వచ్చింది. పెట్టెలు తిన్నబడ్డాయి. కొన్ని పెట్టెలు రోమన్ల రాతి శవపేటికల ఆకారం తెచ్చుకున్నాయి. పైన వెడల్పు, కిందికి సన్నం. మా బాబాయ్ పెట్టె అదే! పాంపే దగ్గర్లో ఎక్కడో తవ్వి తీసిన శవపేటిక ఆకారం, లండన్‌లో పుస్తకమై, ఓడెక్కి వచ్చి, విశాఖలో గేదె కొమ్ముతో, దొరసాని సూదీ దారం దాచుకునే పెట్టెగా తేలింది. దాని లోపలి మూత అంచున మాత్రం కళంకారీ తీగ. ఆ తీగని లండన్ వాడు అడిగి ఉండడు. చేతికొచ్చింది కాబట్టి వచ్చేసింది.

ఇంకో రకం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1790ల ప్రాంతంలో అచ్చం ఇంగ్లీషు ఇంటి ఆకారంలో దంతపు పెట్టెలు చేశారు. ఇటుక వరసలు, అద్దాల కిటికీలు, తలుపు, అన్నీ లక్క గీతల్లో. ఏటవాలు ఇంటికప్పే పెట్టె మూత, పైన పొగగొట్టం. చేసినవాడు ఇంగ్లండు చూసిన మనిషి కాదు. ఏదో అచ్చుబొమ్మ చేతికిచ్చి ఇలాంటిది కావాలని ఉంటారు. ఎప్పుడూ చూడని దేశంలో ఇంటిని బొమ్మ చూసి కట్టడాన్ని మా భాషలో ఏమంటారు? సెట్ వెయ్యడం అంటారు. సినిమా పుట్టడానికి వందేళ్ళ ముందే విశాఖలో తెలుగు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఉంది. అది కిటికీల వరస తప్పనివ్వలేదు. ఇటుకల కొలత తప్పనివ్వలేదు. దాని మీద ఎవరూ గోల్డ్ స్ప్రే కొట్టలేదు.

ఇక్కడ నాకు వచ్చే ఎదురు వాదాలు తెలుసు. ఇవే మాటలు క్యాంటీన్లో టీ తాగుతూ చాలాసార్లు పడ్డాను.

మొదటిది: "సినిమా అంటేనే భ్రమ కదా. థర్మోకోల్‌కి నిజాయితీ ఏమిటి?" నేను థర్మోకోల్‌కి వ్యతిరేకిని కాదు. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ హయాంలో మొదలుపెట్టి, శామ్యూల్ రస్సెల్ అనే ఇంజినీరు కట్టించాడు. హైదరాబాదులో నిఖార్సయిన నియోక్లాసికల్ ముఖం కావాలంటే అదే. ముందు ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు. అవి పాలరాయి కాదు. ఇటుక మీద సున్నపు గచ్చు. అదీ ఒక రకంగా సెట్టే! నియోక్లాసికల్ మొత్తం కాపీయే, రోమ్‌ని యూరప్ చేసిన కాపీ. కాపీ కొట్టడం తప్పు కాదు. చూడకుండా కాపీ కొట్టడం తప్పు. స్తంభం ఎత్తుకీ లావుకీ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఇటుకకి తెలుసు, గచ్చుకి తెలుసు. మన ఫైబర్ స్తంభానికే తెలియదు. ఎందుకంటే దాన్ని ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసి, సీలింగ్ ఎత్తుకి సరిపోయేలా నరికి అతికిస్తాం.

రెండోది: "ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది?" ఈ మాట అన్నవాళ్ళే ఆ ప్రేక్షకుడు మన సెట్ చూసి ఇల్లు కట్టుకుంటాడని గొప్పగా చెప్పుకుంటారు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? మన దగ్గర నేర్చుకునేవాడు తప్పు నేర్చుకుంటే ఆ తప్పు ఎవరిది?

మూడోది గట్టి వాదం, దాన్ని దాటవేయను. "కంపెనీ దొరలకి గులాంగిరీ చేసిన పని అది. దాని మీద గర్వమేమిటి?" నిజమే. ఆ కుర్చీలు కొన్న డబ్బులో ఈ తీరపు నేతగాళ్ళ చెమట ఉంది. ఆ తెల్లటి రేకుల వెనక చచ్చిన ఏనుగులు ఉన్నాయి. ఇవాళ మన దేశంలో దంతపు వ్యాపారం నేరం, అలాగే ఉండాలి. ఆ పని మళ్ళీ మొదలుపెట్టమని నేను అనడం లేదు. దంతాన్ని వదిలేద్దాం, దొరనీ వదిలేద్దాం. మిగిలిన చేతిని ఎందుకు వదిలేశాం? ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులు ఎక్కిస్తున్న చేతులు 2022 దాకా ఆ జిల్లావే. నిర్మల్‌లో పొణికి కర్రతో బొమ్మలు చేసి రంగులు వేసే చేతులున్నాయి. ఫిల్మ్‌నగర్ సెట్లలో వాళ్ళ పని ఎంత కనిపిస్తుంది? పల్లెటూరి హీరోయిన్ ఇంట్లో గూట్లో రెండు బొమ్మలు పెడతాం. అంతటితో సరి. హాలు మాత్రం రాయల్.

ఆ పెట్టెలని బయటి దేశాల వేలాల్లో ఆంగ్లో-ఇండియన్ అని పిలుస్తారు. ఇంగ్లీషువాడికి పేరులో సగం వచ్చింది, ఇండియాకి సగం వచ్చింది, చేసినవాడికి ఏమీ రాలేదు. ‘కంసాలులు’ అని కులం పేరు మిగిలింది తప్ప, మనిషి పేరు మిగల్లేదు. ఇది తెల్లవాళ్ళ కుట్ర అని చేతులు దులుపుకుందామా? మన సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళండి. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన సామానుతో 1951లో తెరిచిన మ్యూజియం, అక్కడ యూరప్ సామానుకి గదులకి గదులు ఉన్నాయి. నియోక్లాసికల్ కాలు ఎలా ఉంటుందో టికెట్ డబ్బులకి నేర్చుకోవచ్చు. అక్కడే దంతపు కుర్చీలున్నాయి. ఫ్రాన్సు రాజు టిప్పు సుల్తానుకి బహుమతిగా ఇచ్చాడని చెప్తారు. ఎవరు ఇచ్చారో చెప్తారు, ఎవరికి ఇచ్చారో చెప్తారు. నా పక్కన నిలబడ్డ స్కూలు పిల్లల్లో ఒక్కడు, "ఎవరు చేశారు సార్?" అని అడిగాడు. వాళ్ళ మాస్టారు "నడువ్ నడువ్" అన్నారు.

మనమూ ఆ మాస్టారి బాపతే. ‘మాయాబజార్’ (1957) కళాదర్శకులు గోఖలే, కళాధర్ అని మనం ఇవాళ్టికీ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. వాళ్ళు గీసిన గీతని చెక్కలోకి, ప్లాస్టర్‌లోకి దించిన మేస్త్రీల పేర్లు చెప్పగలమా? పరిశ్రమలో 24 క్రాఫ్ట్‌లు అని మైకు దొరికినప్పుడల్లా అంటాం. నేను పనిచేసిన సెట్లలో రాత్రంతా నిలబడి మోల్డింగ్ పోసినవాళ్ళ పేర్లు ఏ టైటిల్ కార్డులోనూ చూడలేదు. రిలీజయ్యాక సెట్ పగలగొట్టి లారీకెక్కిస్తాం, డ్రాయింగులు చించేస్తాం. రెండువందల ఏళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి ఇది ఎవరు చేశారని అడిగితే మన దగ్గరా ఒక కులం పేరో, యూనియన్ పేరో మాత్రమే ఉంటుంది. కంపెనీ దొర విశాఖ కంసాలికి చేసిన అన్యాయాన్ని, మనం మన మేస్త్రీకి ప్రతి శుక్రవారం చేస్తున్నాం.

కాబట్టి నేను అడిగేవి మూడే. ఒకటి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరే ప్రతి కుర్రాణ్ణీ ఫోన్ పక్కన పెట్టించి, టేపు చేతికిచ్చి, ఒక రోజు కోఠీకీ ఒక రోజు సాలార్‌జంగ్‌కీ పంపండి. స్తంభం లావు ఎంత, ఎత్తు ఎంత, కుర్చీ కాలు ఎక్కడ సన్నబడుతుందో కొలిచి రమ్మనండి. రెండు రోజుల బత్తా కన్నా ఎక్కువ ఖర్చు కాదు. రెండు, చేసినవాళ్ళ పేర్లు వెయ్యండి. వడ్రంగి పేరు, మోల్డింగ్ మేస్త్రీ పేరు, పెయింటర్ పేరు. హీరోగారి జిమ్ ట్రైనర్ పేరు పడే తెర మీద వీళ్ళకి జాగా లేకపోదు. మూడు, జూబ్లీహిల్స్ వాళ్ళకి. మీకు రొకోకో ఇష్టమైతే సుఖంగా చేయించుకోండి, అది తక్కువేం కాదు. కానీ మీ వడ్రంగిని ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ కాలు ఎందుకిలా వంగింది?" అని అడగండి. జవాబు అతనికి తెలిస్తే మీ డబ్బు చెల్లినట్టే. తెలియకపోతే, ఆ డబ్బులో కొంత అతను నేర్చుకోడానికి పెట్టండి. మూడవ జార్జి కొన్న కుర్చీ చేసినవాడు కూడా అలా ఎవరో ఒకరు బొమ్మ చూపించి, టైమిచ్చి, డబ్బిచ్చి చేయించుకుంటేనే చేశాడు.

బాబాయ్ ఇప్పుడు లేడు. పెట్టె మా ఇంట్లో ఉంది. థిన్నర్ వాడితే గంధపు చెక్కా, లక్క గీతలూ పాడవుతాయని భయపడి, వెదురు పుల్ల చెక్కి, ఆదివారాలు గాడి గాడికీ ఆ గోల్డ్ పెయింటు గీకుతున్నాను. ఇప్పటికి మూడు పక్కలు నల్లగా తేలాయి. మొన్న మా అమ్మాయి వచ్చి చూసి, "నాన్నా, అది బంగారం రంగులోనే బాగుంది కదా, ఎందుకు గీకేస్తున్నావ్?" అంది. పెట్టె తిప్పి దాని కాళ్ళు చూపించి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.